పదికి పది

కళ్లకు గంతలతో కూర్చున్న నెవెనాకి విసుగు దాటి రోత పుట్టింది. అదే వయొలిన్ పాట, పదోసారి.

"ఇప్పుడు మోగేది పాత ఆంప్లిఫయరా, కొత్తదా?" అడిగాడు భర్త ల్యూబెన్.

"కొత్తది."

"పదికి పది! తేడా ఏమీ లేదని మొండికేశావుగా? ఆదివారం మన ప్లోవ్‌దివ్ ఆడియో క్లబ్బులో అందరి ముందూ ఒప్పుకోవాలి!"

"వయొలిన్‌లో నాకు ఒక్కసారీ తేడా వినబడలేదు. కొత్తది పెట్టినప్పుడల్లా నువ్వు ఊపిరి బిగబట్టావు. అది విని చెప్పాను."



ఆమె గంతలు విప్పింది. ఇదివరకు తన పియానో ఉండే చోట ఆ కొత్త ఆంప్లిఫయర్ పెట్టె నీలంగా మెరుస్తోంది.

"ఛీ! దీనికోసం నువ్వు నా పియానో అమ్మి మెట్ల మీంచి దింపిస్తున్నప్పుడు నీ పక్కనే నిలబడ్డాను. ఆరోజు నీ ఊపిరి ఇంత కూడా తడబడలేదు."