అరువు పుస్తకం

తిరిగి ఇవ్వని పుస్తకంలోంచి చదివితే ఆ ప్రార్థన దేవుడి దాకా పోతుందా? పద్దెనిమిదేళ్లుగా దేవసహాయాన్ని ఈ సందేహం చెప్పులో రాయిలా నొక్కుతూనే ఉంది. ఆ ఉదయం మరీ గట్టిగా గుచ్చుకుంది.

పద్మారావు నగర్‌లోని ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన అయ్యాకే కాఫీ. రోజుకో పుట చొప్పున పునీతుల మాటలున్న లావుపాటి పుస్తకం తెరిచి, దేవసహాయం ఆనాటి పుట అందుకున్నాడు.

"ఎడారిలో ఒక ముసలి సన్యాసి శిష్యుడితో అన్నాడు: పొరుగువాడికి తిరిగి ఇవ్వని చెంబుతో ఎన్ని నీళ్లు తాగినా..."

దగ్గు తెర వచ్చింది.

"దాహం తీరదు," అని భార్య హదస్సా పూర్తి చేసింది. "ఏటా గీ పుట కాడికి రాంగనే మీకు దగ్గొస్తది, ఏందండీ?"

కూతురు షెకీనా కిసుక్కున నవ్వింది. "డాడీ, ఆ జెరెమియా సార్ బుక్కు ఆ సార్‌కు ఇచ్చెయ్యరాదూ!"

"ఇంకో కాపీ దొరికినంక ఇద్దామనుకున్న. ఏ షాపుల లేదాయె. ఇది ఇచ్చేస్తే రేపు పొద్దున ఏం చదువుతం?"

"మామయ్య ఏమనేటోడు?" అంది హదస్సా. "పుస్తకం, గొడుగు అరువిస్తే మల్ల మన ఇంటి మొహం చూడయని గదా. మీ నాయన మాటన్న నిలబెట్టున్రి, లేకుంటే ఆ సన్యాసి మాటన్న వినున్రి."

దేవసహాయం పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి వేశాడు. దళసరి ఖాకీ కాగితం, లోపలికి మడిచి గట్టిగా అంటించి ఉంది. పైన 'ఎ. జెరెమియా, బొల్లారం' అని పేరు. అంచులు చిరిగినా దేవసహాయం ఆ అట్ట మార్చలేదు. నచ్చిన మాట కింద ఒక్క గీతైనా గీయలేదు. పరాయి సొత్తు మరి. నాన్నను సమాధి చేసిన రోజు, తమ చర్చికే వచ్చే జెరెమియా సార్ దాన్ని తన చేతుల్లో పెట్టి, "చదివి ఇయ్యి," అన్నారు. ఆ దుఃఖంలోంచి తనను లేపి నిలబెట్టింది ఆ పుటలే.

కాఫీ తాగకుండానే స్కూటర్ తీశాడు.

బొల్లారంలో జెరెమియా సార్ వరండాలో కూర్చుని తడి గొడుగు ఆరబెడుతున్నారు. గేటు దగ్గర దేవసహాయాన్ని చూడగానే గొడుగు వదిలేసి లేచి లోపలికి పోబోయారు.

'ఇంకా కోపం పోలేదు,' అనుకున్నాడు దేవసహాయం. "సార్, ఒక్క నిమిషం! పద్దెనిమిదేండ్లు లేటయింది, మాఫ్ చెయ్యున్రి. మీ పుస్తకం."

పుస్తకం ముందుకు చాచాడు గానీ వేళ్లు దాన్ని వదల్లేదు. జెరెమియా సార్ కూడా అందుకోలేదు.

"గిందుకేనా, చర్చిల నన్ను చూడంగనే పక్క గేటు నుంచి జారుకుంటున్నవు?"

"అవును సార్. మీరు సుత ఎన్నడూ పలకరించకపోతిరి. కోపమనుకున్న."

"కోపమా? నువ్వేడ నిలదీస్తవోనని నేను ఎనక గేటు నుంచి పోతున్న!"

"నేనా? మిమ్మల్నా? ఎందుకు సార్?"

ముసలాయన కూలబడ్డారు. కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు.

"ఇది నాది కాదు బిడ్డా. నేను సుత అరువు తెచ్చుకున్నదే. ఇచ్చినాయన మూడుసార్లు అడిగిండు. రేపు, ఎల్లుండి అనుకుంట జరిపిన. ఆఖరికి ఇద్దామని తీస్కపోతే మనిషే లేడు. అంతమంది ముందల నిజం చెప్ప నోరు రాలే."

దేవసహాయానికి ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. తన ఒక్కడిదే కాదన్నమాట ఈ రాయి.

"అయితే ఆయన ఇంటోళ్లకన్న ఇయ్యాలె గద సార్. ఎవరో చెప్పున్రి. స్కూటరుంది, ఇప్పుడే పోయి నేనే ఇచ్చొస్త."

జెరెమియా సార్ దేవసహాయం వంక చూసి, చాలా ఏళ్ల తర్వాత నవ్వినట్టు నవ్వారు. పుస్తకం అందుకుని, ఖాకీ అట్టను మూల పట్టుకుని చర్రున లాగేశారు.

"అయ్యో సార్, చిరిగింది!"

"చిరగనీ. అడ్రస్ కిందనే ఉన్నది. తీస్కపోయి ఇయ్యి," అంటూ పుస్తకాన్ని తిరిగి దేవసహాయం చేతుల్లో పెట్టారు.

అసలు అట్ట మీద, వెలిసిపోయిన నీలి సిరాలో, నాన్న గుండ్రటి చేతిరాత: 'టి. ఆశీర్వాదం, పద్మారావు నగర్. చదివి తప్పక తిరిగి ఇవ్వగలరు.'