రెప్ప వేయని పిల్ల

“ఆదివారమే ఫైనల్. ఆడొచ్చని ఒక్క మాట అనండి డాక్టరుగారూ,” అని కోచమ్మ బతిమాలింది. సెమీఫైనల్లో బంతి ముఖానికి తగిలిన హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ కుర్చీలో బుద్ధిగా కూర్చుంది.

కళ్ళ డాక్టరు ఆమె కుడికన్ను మూసి, ఎడమకంటి మీదికి చటుక్కున చెయ్యి విసిరారు. రెప్ప కదల్లేదు.

“చూశారా! వల వెనక నిలబెట్టి, ముఖానికేసి బంతులు కొట్టి నేర్పానండీ. ఇంట్లో మా ఆయన చేత ఒక్క అలవాటూ మాన్పించలేకపోయాను గానీ, దీని చేత రెప్ప వేయడం మాన్పించాను.”

డాక్టరు నవ్వలేదు. ఈసారి ఎడమకన్ను మూసి, కుడికంటి మీదికి విసిరారు. రెప్ప టపటపా కొట్టుకుంది.

“పరువు తీశావు కదే! ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరేనా?”

“ఈ చెయ్యి కనిపించిందక్కా,” అంది గోల్‌కీపర్ మెల్లగా.

కోచమ్మ డాక్టరు వంక చూసింది.

“ఎడమకంటికి ఇక చూపు రాదమ్మా. బంతి తగిలినప్పుడు రెప్ప పడి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు.”

కోచమ్మ గోడ పట్టుకుంది. తను రెప్ప వేసినందుకే అక్క బాధపడుతోందనుకుని, గోల్‌కీపర్ ఆమె కొంగు అందుకుంది.

“ఇప్పుడంటే వేశాను గానీ, ఆ రోజు మాత్రం వేయలేదక్కా. ఒట్టు.”