పావుగంట ప్రతివాది

మానవ నాగరికత యావత్తూ అంతిమంగా అయిదు ప్రత్యామ్నాయాల ఎదుట నిలబడి, వాటిలో ఒకదాని పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టడమే.

ఆ టిక్కును సరైన చోట పెట్టలేక దీవుల్లోని బతు బస్తీ వాస్తవ్యుడు టైటస్ అప్పటికి రెండుసార్లు పరాజితుడయ్యాడు.

అది మేనేజ్‌మెంటు పీజీ ప్రవేశపరీక్ష. లెక్కల్లో అతడు వీరుడే. క్రిటికల్ రీజనింగ్ అనే విభాగం దగ్గరే రథం కూరుకుపోయేది. అందులో ఎవడో ఒకడు ఏదో వాదిస్తాడు. ఆ వాదనలోని లొసుగు ఎక్కడుందో మనం పట్టుకోవాలి.

మూడో ప్రయత్నమే ఆఖరిదని, అదీ పోతే బుద్ధిగా హార్బరులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టాలని తండ్రి యిర్మియాతో సంధి కుదిరింది.

టైటస్ రోజూ పొద్దున చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి, అవతల బాంబూఫ్లాట్‌లోని ఐసు ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళేవాడు. ఆ పావుగంట ప్రయాణమే అతడి గురుకులవాసం.

ఒకనాడు ఎదుటి బల్ల మీది ముసలాయన ఏం చదువుతున్నావని అడిగాడు. ఆయన ఒళ్ళో టిఫిన్ క్యారియర్, పిడికిట్లో ఒక వాడిపోయిన నిమ్మకాయ.

మర్యాద కోసం టైటస్ ప్రశ్నను తెలుగులో వినిపించాడు. కాఫీ తాగే ఉద్యోగులకే ప్రమోషన్లు ఎక్కువగా వస్తున్నాయి కనుక కాఫీ ప్రతిభను పెంచుతుందని ఒకడి సిద్ధాంతం. దాన్ని దెబ్బతీసే మాట ఏది?

"నువ్వు దేనికి టిక్కెట్టావు బాబూ?"

"రెండోదానికి. కాఫీ ముట్టనోళ్ళక్కూడా కొందరికి ప్రమోషన్ వచ్చిందంట."

"మిగతావేటి?"

టైటస్ చదివాడు. ముసలాయన నాలుగోదాన్ని పట్టుకున్నాడు: ప్రమోషన్ వచ్చినవాళ్ళకు ఆ ఆఫీసు కాఫీ ఉచితంగా ఇస్తుంది.

"ముందు ప్రమోషనో, ముందు కాఫీయో నీకెలా తెలుసు? సెప్పు మరి."

ఫెర్రీ ఒరిగింది. ముసలాయన గొంతు పెంచాడు. ఒడ్డు చేరాక టైటస్ పుస్తకం చివరి పుటలు తిరగేస్తే జవాబు నాలుగే.

మర్నాడు టైటస్ పెట్టిన టిక్కు సరైనదే. అయినా గోపినాథ్, ఆయన పేరు ఆ రోజే తెలిసింది, మరో జవాబును పట్టుకుని ఒడ్డు తగిలేదాకా వదలలేదు.

"బస్, సాలు. ఇయాల్టికి నీ జవాబే పక్కా," అని దిగిపోయాడు.

ఇలా మూడు నెలలు. ముందు టైటస్ టిక్కు ఎక్కడ పెట్టాడో గోపినాథ్ అడిగేవాడు. తరువాత అది కాని మరొకదాని పక్షాన యుద్ధం ప్రకటించేవాడు. గాలి హోరెత్తిన రోజుల్లో ఆ యుద్ధం మహాఘోరంగా సాగేది. సముద్రం వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. చూపంతా టైటస్ ముఖం మీదే.

మొదట టైటస్ విసుక్కున్నాడు. క్రమంగా, సరైన జవాబును ఎంచుకోవడమే కాదు, తక్కిన నాలుగింటినీ పేరుపేరునా సంహరించడం అలవాటయింది.

పరీక్ష హాలులో ప్రతి తప్పు జవాబులోంచీ గోపినాథ్ లేచి వాదించాడు. ప్రతిసారీ టైటస్ ఆయన్ని వినయపూర్వకంగా కూర్చోబెట్టాడు.

పరీక్షకని పెట్టిన సెలవును ఫలితాలదాకా పొడిగించాడు. మెయిన్‌ల్యాండ్‌లో పేరున్న సంస్థలో సీటు వచ్చింది.

ఆదివారం తెలుగు చర్చిలో టైటస్ లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తనకోసం ఫెర్రీ మీదికి మారువేషంలో ఒక మహా ఉపాధ్యాయుణ్ణి పంపాడన్నాడు. శిష్యుడి జవాబు తెలుసుకుని మరీ ఎదురు వాదించడం ఎంత గొప్ప బోధనా పద్ధతో వివరించాడు. ఆయన తప్పక విశ్రాంత ప్రొఫెసరో న్యాయమూర్తో అయి ఉండాలని, వేరే కారణానికి అవకాశమే లేదని నిరూపించాడు.

సంఘమంతా ఆమెన్ అంది. తల్లి సుందరి కళ్ళు తుడుచుకుని, ఆ మహానుభావుడికి ఇమ్మని కేకు చేసింది.

సోమవారం ఫెర్రీలో గోపినాథ్ లేడు. మంగళవారమూ లేడు.

జెట్టీ దగ్గర టీ అమ్మే నూకరత్నాన్ని అడిగాడు టైటస్.

"ఆయన అక్క పోయింది కదా బాబూ. అవతల మంచాన పడున్న అక్కకి ఆరేళ్ళు రోజూ అన్నం పట్టుకెళ్ళినాడు. ఇంకేటికొస్తాడు? కొడుకొచ్చి ఫెరార్గంజ్‌లో తనింటికి తీసుకుపోనాడు."

ఎప్పుడని అడిగితే, టైటస్ పరీక్షకని సెలవు పెట్టిన వారమేనంది.

ఆ క్యారియర్‌లో ఏముందని ఒక్కనాడూ అడగలేదన్న సంగతి టైటస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. చేతిలోని కేకు బరువెక్కింది.

"ఆయన ఏ కాలేజీలో చెప్పేవారు దీదీ?"

"కాలేజీయా? కలప మిల్లులో రంపం కాడ ముప్పై ఏళ్ళు. సంతకం కూడా కష్టమే."

అయినా టైటస్ కృతజ్ఞత వీసమెత్తు తగ్గలేదు. పైగా పెరిగింది. చదువు లేకుండానే అంత తర్కమంటే సామాన్యమా?

ఫెరార్గంజ్ బస్సు ఎన్నింటికని అడిగాడు. కేకు ఇచ్చి, కాళ్ళకు దణ్ణం పెట్టి, ఆఖరిసారిగా ఒక్క ప్రశ్న మీద వాదించి వస్తానన్నాడు.

నూకరత్నం టీ వడగడుతూ తలెత్తింది.

"దణ్ణమెట్టి రా బాబూ, మంచోడు. వాదనంటావా, అది అక్కడ దొరకదు. ఫెర్రీ కదిల్తే డోకొచ్చేది ఆయనకి, ఎవరితోనన్నా తగువులో ఉంటే ఒడ్డుదాకా ఆగేది. నీకన్నా ముందు నాతో, నేను ఫెర్రీలో ఇడ్లీలమ్మేటప్పుడు, ఉప్పు గురించి. నేల మీదైతే ఆయన నోరే ఎత్తడు."