పక్క గేటు

“కాళ్ళూ చేతులూ శుభ్రంగానే ఉన్నాయిగా! మరి పక్క గేటెందుకమ్మా నీకు?”

ఊయల పడవ ఎక్కడానికి నిలబడ్డ క్యూలోంచి ఒకాయన గొంతు చించుకున్నాడు.

వికలాంగుల గేటు దగ్గర పాస్ చూపిస్తున్న తల్లి తలెత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడెనిమిదేళ్ళ పాప నిలబడి ఉంది. చెవుల మీద పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు.

విలేకరి ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి ఆ వినోద పార్కులో ఆమె కాపు కాసింది ఇందుకే. పక్క గేటులోంచి దర్జాగా దూరిపోయే దొంగ వికలాంగుల మీద ఛానల్‌కి కథనం కావాలి. ఉత్త చేతులతో రావద్దని డెస్క్ ఇన్‌ఛార్జి తెగేసి చెప్పాడు.

“పద అన్నా, పద. మొహాలు దగ్గరగా పట్టు,” అంది కెమెరామన్‌తో.

మైకు తీసుకెళ్ళి తల్లి గడ్డం కింద పెట్టింది.

“మేడమ్, మీ పాపకి జబ్బేంటి?”

“దయచేసి కెమెరా తీసెయ్యండి. పాపకి గోల పడదు. జనంలో ఎక్కువసేపు నిలబడితే తట్టుకోలేదు.”

“గోల పడని పిల్లని ఇక్కడికెందుకు తెచ్చావమ్మా?” క్యూలోంచి ఇంకో గొంతు.

“ఆ జబ్బేదో మావాడికీ ఉంది! మేమూ అటే వచ్చేస్తాం!”

నవ్వులు. ఈలలు. గంటల తరబడి ఎండలో మాడిన జనానికి కసి తీర్చుకోడానికి ఒక మనిషి దొరికింది.

పాప హెడ్‌ఫోన్లని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. గొంతులోంచి సన్నగా ఏదో శబ్దం.

“మేడమ్, పిల్ల బెదిరిపోతోంది,” అన్నాడు కెమెరామన్.

“బెదరనీ. మొహం మీంచి తిప్పకు.”

తల్లి వెనకాల చక్రాల కుర్చీలో ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. విలేకరి ఆయన వంక చూడనైనా లేదు. వికలాంగుల గేటు దగ్గర చక్రాల కుర్చీ ఉంటే వార్తేముంది?

“కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందబ్బా!”

ఆ కుర్చీలోంచే, అందరికీ వినపడేలా.

ఆయన కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచాడు. కమ్మీ పట్టుకుని, ఊయల పడవ వైపు ఒక్కో మెట్టే ఎక్కసాగాడు.

క్యూ అంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తర్వాత భగ్గుమంది.

“లేచాడ్రోయ్! నడుస్తున్నాడ్రోయ్!”

“వీడి దుంప తెగ! ఇంతసేపూ నాటకమా?”

ఎవరో విసిరిన నీళ్ళ సీసా ఆయన వీపుకి తగిలింది. ఆయన వెనక్కి తిరగలేదు.

విలేకరి తల్లిని వదిలేసి మెట్ల వైపు పరుగెత్తింది. వెనకే కెమెరా.

“సార్! అయితే మీరు నడవగలరన్నమాట!”

“చూస్తున్నారుగా.”

“మరి కుర్చీ ఎందుకు?”

“బద్ధకం,” అన్నాడు నవ్వి.

మొహమంతా చెమటలు కారుతున్నాయి. ఎండకి కాబోలనుకుంది ఆమె.

ఆ గొడవలో తల్లీ పాపా ఎప్పుడు వెళ్ళిపోయారో ఎవరూ పట్టించుకోలేదు.

పడవ ఆగాక ఆయన లేవలేకపోయాడు. పార్కు మనుషులిద్దరు చంకల కింద చేతులేసి, బస్తాని మోసినట్టు మోసుకొచ్చి కుర్చీలో పడేశారు. పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటున్న ఆయన మొహం కూడా కెమెరాలో పడింది.

సాయంత్రం డెస్క్ ఇన్‌ఛార్జి అంతా చూసి, “ఆ మోసుకొచ్చిన ముక్క పీకెయ్. లేచిన ముక్క చాలు,” అన్నాడు విలేకరితో.

“కానీ సార్, చివర్లో ఆయన్ని చూస్తే...”

“లేచాడా, లేదా?”

“లేచాడు.”

“ఇంకేం మరి!”

‘కుర్చీ దిగిన దొంగ’ అని ఎర్రక్షరాల్లో వేశారు. చర్చ పెట్టారు. అందరూ చెడామడా తిట్టారు. కుర్చీలో తిరిగే మనిషిని మాత్రం ఒక్కరినీ పిలవలేదు.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు తలుపుకి ఎవరో తారు పూశారు. ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు. పార్కువాళ్ళు పక్క గేటుకి తాళం వేశారు. విలేకరికి ఛానల్లో సొంత కార్యక్రమం వచ్చింది.

కొన్నాళ్ళకి ఆ తల్లి ఛానల్ ఆఫీసుకి వచ్చింది.

విలేకరి చూడగానే గుర్తుపట్టింది. గొడవకి వచ్చిందనుకుని, “మీ పాపని మేం టీవీలో వెయ్యలేదుగా! ఇంకేంటి?” అంది.

“ఆయనెక్కడుంటారో కనుక్కుందామని వచ్చాను.”

“ఎవరు?”

“ఆ కుర్చీ ఆయన.”

“మీ చుట్టమా?”

“కాదు. ఆ రోజే చూడటం. పేరు కూడా తెలీదు.”

“ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడట. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. అయినా ఆ మోసగాడితో మీకేం పని?”

తల్లి తిడుతుందనుకుంది విలేకరి. తిట్టలేదు.

“మీ మైకు నా మొహం మీదున్నప్పుడు ఆయన ముందుకి వంగి నాతో ఓ మాట అన్నారు. ఆ గోలలో మీకు వినపడలేదు.”

“ఏమన్నాడు?”

“‘నేను లేచి నిలబడతా తల్లీ, అందరూ నా మీద పడతారు, నువ్వు పాపని తీసుకుని వెళ్ళిపో’ అన్నారు.”