ఆ పేరుతో ఎవరూ లేరు

"గుల్జార్‌బీ అనే అమ్మాయి ఈడ పనిజేస్తాందా?"

ప్రొద్దుటూరులోని ఆ చీరల అంగడిలో రెండో అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చినామె, ఆయాసపడుతూ అడిగింది.

కౌంటర్ వెనుక నిలబడిన అమ్మాయి తలెత్తింది. ఆ అమ్మాయి తగిలించుకున్న బిళ్ళ మీద 'రియా' అని ఉంది.

గుల్జార్‌బీ తనే.

ఆ పేరు మార్చింది అంగడి యజమాని కాదు. పనిలో చేరిన మొదటి రోజే తనే మార్చుకుంది.

తన పేరంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ పడదు. క్లాసులో ఆఫ్రీన్, రిహానా ఉండేవాళ్ళు. హాజరు పిలుస్తూ టీచరు "గుల్జార్‌బీ" అనగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు ముసలమ్మలా దగ్గేవారు. నిజానికి ఆ పేరు వింటే ఆమెకే వక్కాకు నమిలే బోసినోరు, చేతికర్ర గుర్తొచ్చేవి. పుట్టీపుట్టగానే తనను ముసలిదాన్ని చేసేశారనిపించేది.

"ఎవరు పెట్టినారు అమ్మీ ఈ పేరు?" అని అడిగితే, తల్లి మహమూదా "పెద్దోళ్ళు" అని ఊరుకునేది.

పక్కనే ప్రియదర్శిని చీరలు మడతపెడుతోంది. రెండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా ఆ పిల్లకు ఈమె అసలు పేరు తెలియదు.

"ఆ పేరుతో ఎవరూ లేరమ్మా."

"జమ్మలమడుగు పిల్ల. మక్బూల్ కూతురు. ఇంటికి పోతే తాళమేసుంది. పక్కింటోళ్ళు ఈ అంగడే అని చెప్పినారు."

"లేరంటాంటే!"

నల్ల బురఖాలో ఎండిపోయిన ముఖం. అంట్లు తోమి తోమి పగిలిన చేతులు. దూరపు చుట్టమెవరో పెళ్ళి సంబంధం పట్టుకొచ్చి ఉంటుందనుకుంది గుల్జార్‌బీ. పొద్దున తొమ్మిది నుంచి నిలబడే ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. ఇంకొకరితో మాట్లాడే ఓపిక లేదు.

వచ్చినామె కదల్లేదు. అమ్మాయి ముఖాన్నే చూస్తోంది.

"నీ పేరేందమ్మా?"

"రియా."

"బాగుంది. అన్నం తిన్నావా?"

"తింటాలే ఆంటీ. చీరలేమన్నా చూపించాల్నా?"

"వద్దు బిడ్డా. పులివెందుల బస్సుకు టైమయితాంది."

గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది.

"ఎవరే?" అంది ప్రియదర్శిని.

"ఏమో. పొరపాటున వచ్చింది."

మరునాడు పొద్దున తల్లి క్యారియర్ సర్దుతుంటే గుర్తొచ్చి చెప్పింది.

"నిన్న నాకోసం ఎవరో ఒకామె వచ్చింది."

"ఎవరు?"

"పులివెందులామె. నాలుగు మెట్లెక్కితే ఆయాసం."

మహమూదా చేతిలో గిన్నె అట్లాగే ఆగిపోయింది.

"ఏం మాట్లాడినావు?"

"ఆ పేరుతో ఎవరూ లేరని పంపిస్తి."

తల్లి పొయ్యి వైపు తిరిగింది.

"ఎవరమ్మీ ఆమె?"

"మెహరున్నీసా. మనకు శానా కావాల్సినామె. ఇరవై ఏండ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. తిరిగొచ్చిందని నాకు తెలీదు." గిన్నె కింద పెట్టింది. "ఆదివారం పోయొద్దాం బేటీ."

"నాకుండేది ఆ ఒక్క సెలవే. కాళ్ళు లాగుతాండాయి. వచ్చే వారం పోదాంలే."

ఆ ఆదివారం గుల్జార్‌బీ మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. తల్లి రెండుసార్లు మంచం దాకా వచ్చి, లేపలేక వెళ్ళిపోయింది.

గురువారం ఫోను వచ్చింది. మెహరున్నీసా గుండె ఆగి చనిపోయింది.

సొంత అక్క పోయినప్పుడు కూడా మహమూదా అంతగా ఏడవలేదు. బస్సులో కూతురి చేయి పట్టుకుంది.

"నీకొక మాట చెప్పకుండా దాచినా. నువ్వు నాకు దూరమైతావని భయపడి దాచినా."

"ఏంది?"

మహమూదా ముఖం తిప్పుకుంది. పులివెందుల వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఒంటి గది ఇల్లు. ఆడవాళ్ళు స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. కడసారి ముఖం చూసుకొమ్మని పిలిచారు.

గుల్జార్‌బీ చూసింది. తనను వెతుక్కుంటూ అన్ని మెట్లెక్కి వచ్చిన మనిషి. ఒక గ్లాసు నీళ్ళయినా ఇవ్వలేదు.

స్నానం చేయించిన ముసలామె ఆమె పక్కకు వచ్చింది.

"ఎవరి పిల్లవమ్మా? మెహరున్నీసాకు ముందూ ఎనకా ఎవరూ లేరే."

"మాది జమ్మలమడుగు. మహమూదా కూతుర్ని."

"పేరేంది?"

రియా అనే మాట నోటికి రాలేదు.

"గుల్జార్‌బీ."

ముసలామె ఆమె చేయి పట్టుకుంది.

"అది మెహరున్నీసా వాళ్ళమ్మ పేరు. కడుపులో ఉన్నప్పుడే తన బిడ్డకని అనుకున్న పేరు. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆ బిడ్డ పుట్టిన దినమే పాయె. పక్క మంచంలో ఇంకో బాలింత తెలివి లేకుండా పడుండెనంట."

గుల్జార్‌బీ తల్లి వైపు చూసింది. మహమూదా తల వంచుకుంది.

"ఆ తల్లి తేరుకునేదాకా నలభై దినాలు ఆమె పసిగుడ్డుకు తన పాలిచ్చి బతికించి, సచ్చిపోయిన బిడ్డ పేరే పెట్టి వచ్చిందంట. ఆ పిల్లవు నువ్వేనా తల్లీ?"