పుట్టుపాట

ముసలివాడు మళ్ళీ వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

మిషను కుడుతున్న ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

వంకరపోయిన మూతి. ఎడమ చెవికి తమ్మె లేదు. కారిన చొంగ చొక్కా మీద ఎండి అట్టకట్టింది. దగ్గరికి వెళితే ఉచ్చకంపు.

“లే తాతా, లే. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి పోతున్నారు.”

“మీ అమ్మకి... ఇచ్చేసి పోతా” అన్నాడు ముద్దముద్దగా.

“అడుక్కోడానికి ఇదో కొత్త పద్ధతా?”

వాడు కళ్ళు మూసుకుని ఏదో కూనిరాగం అందుకున్నాడు. అది ఏ భాషో ఆమెకు తెలియలేదు. మాట మాటకూ చొంగ తుంపర. ఒక బొట్టు వెళ్ళి ఎవరిదో పట్టుగుడ్డ మీద పడింది.

చీపురు తిరగేసి చూపించాక గానీ వాడు కదలలేదు. కూర్చున్న చోట ఫినాయిలు పోసి కడిగింది.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. “ఏంటొదినా, గుమ్మానికి తలంటు పోస్తున్నావా?”

“పీడ వదిలించుకుంటున్నా. అసలే అమ్మతో సరిపోతోంది.”

“రాత్రి పడుకుందా?”

“ఎక్కడ? పాట, పాట అని ఒకటే కలవరింత.”

అమ్మది కొండజనం. వాళ్ళలో బిడ్డ పుట్టగానే ఆ బిడ్డకంటూ తల్లి ఒక పాట కడుతుంది. ఆఖరి ఘడియల్లో అదే పాట చెవిన పడితే ప్రాణం సుఖంగా పోతుందని వాళ్ళ నమ్మకం. అమ్మను చిన్నతనంలోనే తీసుకుపోయి హాస్టల్లో పడేశారు. అక్కడ కొండభాషలో నోరు విప్పితే దెబ్బలు. పాట పోయింది, భాషా పోయింది. కూతురికి ఒక్క ముక్క రాలేదు.

వాళ్ళ జనంలో మిగిలిన ముసలివాళ్ళందరినీ కూతురు అడిగి చూసింది. ఎవరికీ ఆ పాట గుర్తులేదు. దేవుడిచ్చినదాన్ని మనుషులు ఇంత శుభ్రంగా తుడిచెయ్యగలరా అని ఆమెకు ఒక్కోసారి అనుమానం వచ్చేది.

మర్నాడు వాడు ఏకంగా గడప దాటి వచ్చాడు. మిషను పట్టుకుని నిలబడి గొంతెత్తాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. బట్టలుతికిన మురికినీళ్ళ బకెట్టు ఎత్తి వాడి మీద కుమ్మరించింది.

వాడు తుడుచుకోలేదు. ఇంకో రెండు మాటలు పాడాడు. దగ్గు తెరలో పాట ఆగిపోయింది. గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. నెలల తరబడి లేవని అమ్మ లేచి కూర్చుంది.

“ఎవరే అది? అది నా పాటే. ఆపేశాడేం?”

కూతురి చేతిలో బకెట్టు ఇంకా అలాగే ఉంది.

వీధులన్నీ గాలిస్తే సాయంత్రానికి ఆచూకీ దొరికింది. బజారు వెనక వృద్ధాశ్రమం.

“వంకరమూతి తాతా?” అంది ఆయా. “పొద్దున తడిసి ముద్దయి వచ్చాడు. రాగానే మళ్ళీ పక్షవాతం. ఇక మాట రాదన్నాడు డాక్టరు.”

ఆమె మంచం పక్కన కూర్చుంది. “తాతా, ఒక్కసారి. మిగతాది పాడు తాతా.”

ముసలాయన పెదవులు కదిలాయి. చొంగ వచ్చింది, పాట రాలేదు. ఆమె కొంగుతో తుడిచింది. తాను పోసిన మురికినీళ్ళ వాసన ఇంకా ఆయన జుట్టులోనే ఉంది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పింది.

“మన జనం కాదమ్మా. ఎవరో ఊళ్ళో మనిషట.”

“ఎడమ చెవికి తమ్మె ఉందా?”

“లేదు. నీకెలా తెలుసు?”

“ఎనిమిదేళ్ళప్పుడు నేనే కొరికేశాను.”

అమ్మ కూతురి కొంగు దగ్గరికి లాక్కుంది.

“నా పాట మొదట్నుంచి చివరిదాకా విన్నవాళ్ళలో వాడొక్కడే మిగిలాడు. అది పాడినప్పుడల్లా నా మూతి పగలగొట్టిన హాస్టలు వార్డెను” అంది, కూతురి కొంగుకంటిన చొంగను తన చీర చెంగుతో మెల్లగా తుడుస్తూ.