సగం కప్పు

"ఒక్క ముక్క తింటే పానం పోతదా, ఓదెలూ?"

"పోతది బసవన్నా. నన్ను బలవంతం చెయ్యకు."

కూతురి పెళ్ళి చేస్తున్న మనిషి వద్దంటే వింటాడా! బసవయ్య దగ్గరుండి విస్తరిలో బగారా అన్నం కుప్ప పోయించాడు. దాని మీద మటన్ కూర, పక్కన డబల్ కా మీఠా. సైదాబాద్ గల్లీలో వేసిన షామియానా నిండా మసాలా వాసనే. కిందటేడు ఇదే గల్లీలో ఇంకో పెళ్ళిలో ఓదెలు తిన్న తిండికి వంటవాడు వచ్చి దండం పెట్టిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అట్లాంటి ఓదెలు ఇవాళ నోరూరుతున్నా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీది అంగీ కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"నలభై దినాలన్నడు డాక్టరు. ఇంక ఆరే ఉన్నయి," అంటూ చేతి గడియారం చూసుకున్నాడు. "అరె, రెండైతున్నది. కప్పు టైమైంది, పోవాలె."

"బకెట్లు ఖాళీ చేసినోనికి కప్పు చాలుతదా? ఏం కాలమొచ్చెరా!" అన్నాడు బసవయ్య. పంక్తి పంక్తంతా నవ్వింది. ఓదెలు కూడా నవ్వేసి, విస్తరికి దండం పెట్టి లేచాడు.

కడుపు ఆపరేషన్ అయి ముప్పై నాలుగు రోజులు. పుండు పట్టిన భాగాన్ని కోసి తీసేశారు. మిగిలింది గుప్పెడంత కడుపు. రెండు గంటలకోసారి అర కప్పు జావో, పప్పుకట్టో మెల్లగా లోపలికి పోవాలి. ఎక్కువైనా, వేళ తప్పినా లోపలి కుట్టు నిలవదని, మళ్ళీ కొయ్యాల్సి వస్తుందని డాక్టర్ శ్రీహరిరావు భయపెట్టి పంపాడు. అందుకే ఓదెలు బర్రెల కొట్టాన్నీ, పాలు పోసే పనినీ తమ్ముడు పెంటయ్యకు వదిలేసి ఇంటి పట్టున ఉంటున్నాడు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి అక్క సత్తెమ్మ స్టీలు కప్పు నిండా రాగి జావ పోసి ఉంచింది. ఆపరేషన్ నాటి నుంచి వంటంతా ఆమెదే. పెళ్ళాం ఆండాలు అలారం గడియారం ముందు పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఐదు నిమిషాలు లేటైంది," అంది.

"బసవన్న ఇడిస్తే గద!"

"ఏమన్న తిన్నవా?"

"నీ మీద ఒట్టు. వాసన చూసిన, అంతే."

"సరే, తాగు మరి."

ఓదెలు గుటకలు లెక్కపెట్టుకుంటూ తాగాడు. సరిగ్గా సగం కాగానే కప్పు కింద పెట్టాడు. ఆకలి మాత్రం ఇంకా నకనకలాడుతూనే ఉంది.

"అక్కా, ఇంకో గంటెడు పొయ్యరాదే," అన్నాడు బతిమాలుతూ.

"గమ్మునుండు! మూడో దినం చేసిన లొల్లి యాది లేదా?"

యాది లేకేం! ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఇరానీ హోటల్లో నాలుగు సమోసాలు లాగించి వచ్చి, జావ వద్దు పొమ్మన్నాడు. ఆ కప్పు అట్లాగే చల్లారిపోయింది. తరువాతి కప్పుదీ అదే గతి. పొద్దు వాలేసరికి కళ్ళు తిరిగి పడిపోవడం, రిక్షాలో ఆస్పత్రికి పరుగు, డాక్టరు చేత చీవాట్లు. నా నోటి చాపల్యం ఎంత పని చేసిందని ఓదెలు రిక్షాలో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనాటి నుంచి బయట మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు.

"నువ్వు తింటెనే నాకు ముద్ద దిగేది," అంది ఆండాలు, కప్పు తన దగ్గరికి లాక్కుంటూ.

అదేమీ కొత్త మాట కాదు. మొగుడు తిన్నాకే, అదీ మొగుడి కంచంలోనే తినడం పెళ్ళయిన నాడు అత్త నేర్పిన పద్ధతి. అత్త పోయి పదేళ్ళయినా ఆండాలు దాన్ని వదల్లేదు.

"నీ మొండితనం కన్నా మన బర్రెలే నయం," అని సత్తెమ్మ గొణిగింది. ఓదెలు మీసాల్లో నవ్వుకున్నాడు.

నలభయ్యో రోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తున్నంతసేపూ ఓదెలు ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ కోస్తానంటే తట్టుకునే ధైర్యం అతనికి లేదు.

"భేష్! లోపలి కుట్టు గట్టిపడింది. ఇక కొయ్యక్కర్లేదు. రేపటి నుంచి మెత్తటి అన్నం మొదలుపెట్టండి," అన్నాడు శ్రీహరిరావు.

ఆండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలుకు సంతోషంతో కళ్ళు మసకబారాయి. డాక్టరుకు దండం పెట్టాడు, గోడ మీది దేవుడి పటానికి పెట్టాడు, ఎందుకైనా మంచిదని ఎక్స్‌రేకు కూడా పెట్టాడు.

"రామ్‌చందర్, బరువు చూసి పంపించు," అని డాక్టరు చీటీ రాయడంలో పడిపోయాడు.

కొత్తగా చేరిన కాంపౌండరు రామ్‌చందర్ ఓదెలు పీక్కుపోయిన చెంపలూ, వేలాడే అంగీ చూసి జాలిపడ్డాడు. "చలో అన్నా, చెప్పులిడిచి ఎక్కు," అంటూ భుజం పట్టి మిషన్ మీదికి తోశాడు. ఆనందంలో ఉన్న ఓదెలు ఎక్కమంటే ఎక్కేశాడు.

"అరవై ఎనిమిది కిలోలు సార్!" కాంపౌండరు కేకేశాడు.

శ్రీహరిరావు తలెత్తి చూసి పగలబడి నవ్వాడు.

"నువ్వు దిగవయ్యా ఓదెలూ, ఆపరేషన్ చేసింది నీ భార్యకి!"